తాలు లెక్క

మరిగాట్ సంతరోడ్డులో, ఎరువుల కొట్టు వెనక గదిలో
గడ్డి గింజలు లెక్కపెట్టడం నా ఉద్యోగం.
తడి కాగితం మీద ఒక నూరు,
పక్కన ఇంకో నూరు.
పద్నాలుగో రోజున మొలకలెన్నో రాయాలి.
కిప్తాలం ఎక్కడుంటాడంటే ఎవరూ చెప్పలేరు.
నూరువాడంటే వేలు చూపిస్తారు.

ఆగస్టులో నారోపిల్ వచ్చింది,
గాడిద మీద రెండు బస్తాలు, వీపు మీద ఒకటి.
చూపుకి బండరాళ్లు. ఎత్తితే దూది.
ఒక కంకి లాగి గోటితో నొక్కాను.
నూగు ఉంది, పొట్టు ఉంది,
పొట్టు లోపల ఇంకో పొట్టు.
గింజ ఉండాల్సిన చోట
గింజంత గాలి.

"వాన పడలేదా?" అన్నాను, తెలిసే.
"పడింది. అంత పడకుండా ఉండాల్సింది."

ఏప్రిల్ వానకి గడ్డికి ఆకుల మోజు పట్టుకుందట.
నడుం దాకా లేచింది,
దారిన పోయే మేకలు మెడలు తిప్పుకోలేకపోయాయి.
ఈనమంటే రేపంది, ఎల్లుండంది,
జూన్ దాకా పొట్ట విప్పలేదు.
విప్పిన వారానికి వాన ఆగింది.
రేకు కప్పు మీద బల్లి నిలవని ఎండ,
తొమ్మిది కొట్టకముందే ఎండిపోయిన పుప్పొడి.
పాలు పోసుకోవాల్సిన పది రోజులూ
వేళ్లు కిందికి తవ్వుకున్నాయి,
కంకులు పైకి చూశాయి.

అయినా కోసింది.
ఈ గడ్డి కంకి మన మాట వినదు.
పైన రాలుతుంటుంది, కింద ఇంకా పూస్తుంటుంది.
ఒకే మొక్క దగ్గరికి మూడుసార్లు వెళ్లాలి.
ఆలస్యమైతే ఎర్రముక్కు పిట్టలది,
తొందరపడితే పచ్చిది, బస్తాలో బూజు.
ఆమె అరచేతులు చూశాను.
గీతలు ఏవో, కోతలు ఏవో తెలియలేదు.

దిగువ మడి సంగతి అడగలేదు.
దాన్ని సరస్సు ఎప్పుడో మింగింది.
కంచె గుంజల కొసల మీద
నీటికాకులు రెక్కలారబెట్టుకుంటాయి.

వెళ్తూ వెళ్తూ ఒక నెయ్యి డబ్బా బల్ల మీద పెట్టింది.
"లెమయాన్ ఏరాడు, మేకల వెంట తిరుగుతూ,
పైన రాళ్లగట్టు మీద."
అక్కడి గడ్డి మోకాలు దాటలేదట.
మట్టి తక్కువ, తేమ తక్కువ,
మే నెలలోనే బెట్ట భయం పట్టుకుని
ఉన్న నాలుగు ఆకులతో ఈనేసింది.
గోటితో నొక్కాను.
గోరు నొప్పెట్టింది.

పద్నాలుగో రోజు:
బస్తాలవి నూటికి రెండు.
డబ్బావి తొమ్మిది.
ఇరవై లేనిదే కొనకూడదని కంపెనీ కాగితం.

"చచ్చినవి కావవి," అంది నారోపిల్.
"కొత్త గింజ పడుకుంటుంది.
ఒక్క వాన మాటకే లేచి కూర్చుంటుందా?"
నాకూ తెలుసు.
ఎనిమిది నెలలు ఆగితే అవే గింజలు
కాగితం చించుకుని లేస్తాయి.
రిజిస్టరులో మొలిచినవాటికి ఒక గడి,
మొలవనివాటికి ఒక గడి.
నిద్రపోయేవాటికి గడి లేదు.
తొమ్మిది అని రాశాను.

డబ్బా చంకలో పెట్టుకుంది.
బస్తాలు మాత్రం కొట్టు పెరట్లోనే దులిపేసింది,
ఖాళీ సంచికి ముప్పై షిల్లింగులొస్తాయి.
తాలంతా గాలికి లేచింది.
పక్కింటి ఆరేసిన దుప్పట్ల మీద, మసీదు గోడ మీద,
నా టీలో.

రాత్రి పడుకుని లెక్కవేశాను.
మూడు బస్తాలు, నూటికి రెండు.
బస్తాకి ఎన్ని నూర్లు?
ఎక్కడెక్కడ దిగాయి?
లెక్కపెట్టడమే బతుకైనవాడికి
అంకె తేలని రాత్రి
ఎంత పొడుగో.

నవంబరు చినుకులకి
కొట్టు మెట్ల పగుల్లో ఒక దుబ్బు లేచింది.
పీకెయ్యమన్నాడు షావుకారు, అరలోకి నీళ్లు దిగుతాయని.
సరేనన్నాను.
ఈనేదాకా ఆగుదాం అని మాత్రం
పైకి అనలేదు.